పాత రివాల్వర్లు, మిలిటరీ సర్‌ప్లస్ రైఫిళ్లు సేకరించడం ఎలా?

వందేళ్ల నాటి సైనిక రైఫిల్‌ని దగ్గరగా చూస్తే ఒంటి నిండా ముద్రలే కనిపిస్తాయి. ఏ కర్మాగారంలో, ఏ ఏడాది తయారైంది, ఎవరు తనిఖీ చేశారు, ఎప్పుడు మరమ్మతుకు వెళ్లింది, ఏ సైన్యం దాన్ని వదిలించుకుంది అన్నవన్నీ ఇనుము మీదా కర్ర మీదా రాసి ఉంటాయి. సేకరణలో అసలు పని ఆ రాతలు చదవడం నేర్చుకోవడం, అవి మన చేతుల్లో చెరిగిపోకుండా చూసుకోవడం. కొనడం అందులో చిన్న భాగమే. యుద్ధంలో పాడైన తుపాకులకన్నా, ఇంటికి తెచ్చి "కొత్తదానిలా చేద్దాం" అనుకున్నవాళ్ల చేతుల్లో పాడైనవే నన్ను ఎక్కువ బాధపెడతాయి. అందుకే ఏం చేయాలో ఎంత వివరంగా చెబుతానో, ఏం చేయకూడదో కూడా అంత గట్టిగా చెబుతాను.

ముందు చట్టం సంగతి తేల్చుకోండి

ఏదైనా తుపాకీ మీద మనసు పడకముందే మీరుండే చోట చట్టం ఏమంటుందో కనుక్కోండి. "పాతదే కదా, గోడకు పెట్టుకోవడానికే కదా" అంటే ఎక్కడా చెల్లదు. ఒక్కో దేశం ఒక్కో చోట గీత గీసింది. అమెరికా ఫెడరల్ చట్టం 1898లోనూ అంతకు ముందూ తయారైన తుపాకీని యాంటిక్‌గా చూస్తుంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్నవాటికి క్యూరియో అండ్ రెలిక్ అనే వర్గం ఉంది, వాటి కోసం సేకరణకర్తలకు ప్రత్యేక లైసెన్స్ ఇస్తారు. అయినా రాష్ట్రం మారితే నియమాలు మళ్లీ మారతాయి. బ్రిటన్‌లో 1997 నుంచి చేతి తుపాకుల మీద దాదాపు పూర్తి నిషేధం ఉన్నా, వాడుకలో లేని పాత క్యాలిబర్లకు (తూటా, బారెల్ కొలతలకు) షరతులతో మినహాయింపు ఉంది. భారత్‌లో 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి, 2019 సవరణతో మామూలు లైసెన్స్‌దారుకు పరిమితి రెండు తుపాకులకు తగ్గింది.

కాబట్టి దగ్గర ఉంచుకోవచ్చా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లవచ్చా, అమ్మవచ్చా, వారసులకు ఇవ్వవచ్చా అన్నవి విడివిడిగా అడిగి, వీలైతే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. కొన్ని చోట్ల రిసీవర్ (బారెల్ వెనక బోల్ట్ కూర్చునే లోహపు భాగం) గానీ, బోల్ట్ (తూటా గదిని వెనక నుంచి మూసే కడ్డీ) గానీ, రివాల్వర్ ఫ్రేమ్ గానీ ఒక్కటే ఉన్నా తుపాకీ కిందే లెక్క. సరిహద్దు దాటించే ఆలోచన ఉంటే రెండు దేశాల అనుమతులూ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. పేల్చగల తుపాకీకి అనుమతి దొరకని చోట, చట్టప్రకారం పనికిరాకుండా చేసిన డీయాక్టివేటెడ్ తుపాకీ మంచి దారి. ముద్రలు అవే, చరిత్ర అదే. ఆ సర్టిఫికెట్ మాత్రం తుపాకీ ఉన్నంత కాలం దానితోనే ఉండాలి.

ఒక దారి ఎంచుకోండి

కంటికి నచ్చిందల్లా కొంటూ పోతే కొన్నేళ్లకు ఇంట్లో తుపాకులు ఉంటాయి గానీ సేకరణ ఉండదు. దారి ఎంత సన్నగా ఉంటే మీకు అంత లోతైన జ్ఞానం వస్తుంది, మోసపోవడం అంత తగ్గుతుంది.

బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్‌ని ఉదాహరణగా తీసుకోండి. ఒకే రైఫిల్‌ని ఇంగ్లండ్‌లో ఎన్‌ఫీల్డ్, బీఎస్ఏ కర్మాగారాలు, ఆస్ట్రేలియాలో లిత్‌గో, భారత్‌లో ఇషాపూర్ తయారు చేశాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4 రైఫిల్‌ని కెనడాలో లాంగ్ బ్రాంచ్, అమెరికాలో సావేజ్ కంపెనీ కూడా చేశాయి. కర్మాగారానికి ఒకటి చొప్పున సమకూర్చుకున్నా ఒక సామ్రాజ్యం యుద్ధానికి ఎలా సరుకు సమకూర్చుకుందో కళ్ల ముందు కనబడుతుంది. మోసిన్-నగాన్ ఇంకో దారి. 1891లో రష్యా సైన్యంలోకి వచ్చిన ఈ రైఫిల్ కోటికి పైగా తయారైంది. తులా కర్మాగారం నక్షత్రం, ఇజెవ్‌స్క్ త్రికోణం, ఫిన్లాండ్ సైన్యం చతురస్రంలో కొట్టిన ఎస్ఏ ముద్ర వెతుక్కుంటూ వెళ్లవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా కోసం అమెరికాలో రెమింగ్టన్, వెస్టింగ్‌హౌస్ తయారు చేసినవి కూడా ఉన్నాయి.

రివాల్వర్లలో అయితే యంత్రాంగం ఎలా మారుతూ వచ్చిందన్నది అందమైన దారి. 1836 నాటి కోల్ట్ పేటర్సన్‌లో మందు, గుండు విడివిడిగా సిలిండర్‌లో కూరాలి. 1857లో స్మిత్ అండ్ వెసన్ తొలి మోడల్‌తో అమెరికా రివాల్వర్లలోకి మందు, గుండు కలిసి ఉండే లోహపు కార్‌ట్రిడ్జ్ వచ్చింది. 1873లో కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. తర్వాత బ్రిటిష్ వెబ్లీలా మధ్యకు విరిచి తెరిచేవి, ఆ తర్వాత సిలిండర్ పక్కకు తెరుచుకునేవి. మొదటి మెట్టులోని అసలు తుపాకులు చాలా ఖరీదు, నకిలీలు కూడా అక్కడే ఎక్కువ. కొత్తవాళ్లు రెండు ప్రపంచ యుద్ధాల నాటి సైనిక రివాల్వర్లతో మొదలుపెడితే మంచిది.

సర్‌ప్లస్ రైఫిళ్లు, అంటే అవసరం తీరాక సైన్యాలు అమ్మేసినవి, ఇన్ని మార్కెట్లోకి ఎలా వచ్చాయో తెలిసి ఉంటే కొనేటప్పుడు ఉపయోగపడుతుంది. 1945 తర్వాత సైన్యాలు ఒక్కొక్కటిగా సెమీ ఆటోమేటిక్, ఆటోమేటిక్ రైఫిళ్లకు మారాయి. చేత్తో బోల్ట్ లాగే రైఫిళ్లు గోదాముల్లో పేరుకుపోయాయి, వాటిని టోకున అమ్మేశారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ గోదాములు కూడా తెరుచుకున్నాయి. అమెరికాలో 1968 చట్టం దిగుమతిదారు ముద్ర తప్పనిసరి చేసింది. అందువల్ల బారెల్ మీద చిన్న అక్షరాలతో దిగుమతి కంపెనీ పేరున్న రైఫిల్‌ని "మా తాతగారు యుద్ధం నుంచి తెచ్చారు" అని ఎవరైనా అమ్ముతుంటే ఆ మాట నమ్మకండి.

చదవండి, చూడండి, అప్పుడు కొనండి

మొదటి తుపాకీకి పెట్టాలనుకున్న డబ్బులో కొంత ముందు మంచి పుస్తకానికి పెట్టండి. ఎంచుకున్న మోడల్‌కి సీరియల్ నంబర్లు, ముద్రల అర్థాలు, ఏ ఏడాది ఏ భాగం మారింది అన్నవి వివరంగా ఇచ్చినది కావాలి. జర్మన్ సైన్యపు కార్ 98కే రైఫిళ్లలో చాలావాటి మీద కర్మాగారం పేరుకు బదులు అక్షరాల కోడ్ ఉంటుంది. బివైఎఫ్ అంటే ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం, బిఎన్‌జడ్ అంటే ఆస్ట్రియాలోని స్టెయర్. ఇవి కంఠతా రానక్కర్లేదు గానీ, ఎక్కడ చూడాలో తెలియాలి.

పుస్తకంతో పాటు చేతికి అలవాటు కూడా కావాలి. మ్యూజియంలు, ఆయుధ ప్రదర్శనలు, వేలానికి ముందు సరుకు చూసుకోనిచ్చే రోజులు వదలకండి. కొనకపోయినా ఫరవాలేదు. ఎవరూ ముట్టని బ్లూయింగ్ (ఉక్కుకు తుప్పు పట్టకుండా వేసే ముదురు నీలి పూత) ఎలా ఉంటుందో, తర్వాత వేసిన రంగు ఎలా ఉంటుందో ఫొటోలో తెలియదు. పదుల కొద్దీ తుపాకులు చూశాక కన్నే చెబుతుంది.

చూసేటప్పుడు మర్యాద, జాగ్రత్త రెండూ ఒకటే. ముట్టుకునే ముందు యజమానిని అడగండి. చేతికి రాగానే బారెల్ మూతిని మనుషులు లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూసి, చీకటిగా ఉంటే వేలితో కూడా తడిమి చూడండి. యజమాని ఇప్పుడే చూపించినా మళ్లీ చూడండి, ఎవరూ తప్పుగా అనుకోరు. అడగకుండా ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కకండి. తూటా వెనక కొట్టి పేల్చే పాత ఫైరింగ్ పిన్నులు, స్ప్రింగులు విరిగితే మళ్లీ దొరకవు.

రైఫిల్‌ని ఎలా పరీక్షించాలి

మొదట సీరియల్ నంబర్లు. చాలా సైన్యాలు బారెల్, బోల్ట్, బట్‌ప్లేట్ (కర్ర చివర భుజానికి ఆనే పలక), మ్యాగజైన్ అడుగు పలక మీద ఒకే నంబరు కొట్టేవి. అన్నీ కలిస్తే ధర బాగా పెరుగుతుంది. అయితే కలిశాయన్నంత మాత్రాన సంబరపడకండి, ఎలా కలిశాయో చూడండి. కర్మాగారంలో కొట్టిన అంకెలు లోతుగా, ఒకే అచ్చులో ఉంటాయి. సోవియట్ మరమ్మతు కేంద్రాల్లో విడదీసి, మళ్లీ బిగించిన మోసిన్ల మీద పాత నంబరును గీత పెట్టి కొట్టేసి, బారెల్ నంబరును పక్కన మళ్లీ వేసేవారు. కొన్నిసార్లు ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో చేతిరాతలా గీకేవారు. చతురస్రంలో ఏటవాలు గీత ఉన్న ముద్ర కనబడితే అది మరమ్మతు కేంద్రానికి వెళ్లివచ్చిందని అర్థం. ఇది లోపం కాదు, అదీ దాని చరిత్రే. కానీ ఆ రైఫిల్‌కి కర్మాగారం నుంచి వచ్చినట్టే ఉన్నదాని ధర ఇవ్వకూడదు. యుద్ధంలో సోవియట్ సైన్యానికి చిక్కిన జర్మన్ రైఫిళ్లదీ ఇదే కథ. విడదీసి, కలగలిపి, కర్రకు మెరిసే లక్క పూత వేసి దాచారు. చాలావాటి రిసీవర్ మీద ఎక్స్ గుర్తు ఉంటుంది.

తర్వాత బారెల్. బోల్ట్ తీసి, ఒక వైపు నుంచి లైటు వేసి ఇంకో వైపు నుంచి చూడండి. తూటాను తిప్పేందుకు లోపల చెక్కిన గాళ్ల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి గుండ్రబడ్డాయా? లోపల ముదురు రంగు ఉన్నా గాళ్లు గట్టిగా ఉంటే ఫరవాలేదు. గుంటలు గుంటలుగా తుప్పు తిని ఉంటే అది పోదు. మధ్యలో ఎక్కడైనా నల్లటి ఉంగరంలాంటి నీడ కనబడితే బారెల్ అక్కడ ఉబ్బి ఉండవచ్చు, అలాంటిది పేల్చకూడదు. మూతి దగ్గర ప్రత్యేకంగా చూడండి. సైనికులు శుభ్రం చేసే ఇనుప కడ్డీని ముందు నుంచి దూర్చడం వల్ల అక్కడే ఎక్కువ అరుగుతుంది. అరిగిన భాగాన్ని డ్రిల్లుతో కొంత లోతు వరకు వెడల్పు చేసి పనికొచ్చేలా చేసేవారు. పైకి మామూలుగానే ఉంటుంది, లోపలికి చూస్తే గాళ్లు కాస్త వెనక మొదలవుతాయి. దిగుమతి మోసిన్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

కర్రను నిదానంగా చూడండి. అసలు కర్రకూ లోహానికీ కలిసే చోట కర్ర కాస్త ఎత్తుగా ఉంటుంది. శాండ్‌పేపర్‌తో రుద్దితే అది లోహం కంటే కిందికి దిగిపోతుంది, అంచులు గుండ్రబడతాయి, తనిఖీదారుల ముద్రలు మసకబారతాయి. ఆ ముద్రలు ఒకసారి పోతే తిరిగి రావు. బోల్ట్ వెనక పిడి సన్నబడే చోటా, రిసీవర్ వెనక తోక దగ్గరా పగుళ్లు వెతకండి. యజమాని ఒప్పుకుంటే పైకర్ర తీసి చూడమనండి, కర్ర కింద ఎవరికీ కనబడని తుప్పు దాక్కుని ఉంటుంది.

కొన్ని రైఫిళ్లకు వాటికే ప్రత్యేకమైన గుర్తులుంటాయి. జపాన్ అరిసాకా రిసీవర్ మీద 16 రేకుల చేమంతి పువ్వు ఉండేది, అది చక్రవర్తి చిహ్నం. 1945లో లొంగిపోయాక అప్పగించిన చాలా రైఫిళ్ల మీద ఆ పువ్వును గీకేశారు. అందుకే చెక్కుచెదరని పువ్వున్నది ఎక్కువ ధర పలుకుతుంది, అందుకే గీకేసిన చోట కొత్తగా పువ్వు చెక్కేవాళ్లు కూడా ఉన్నారు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి, బొటనవేలితో మెల్లగా తడమండి. పువ్వు ఉన్న చోట లోహం పల్లంగా తగిలితే అది తర్వాత చెక్కినది. స్వీడన్ మౌజర్ కర్రకు చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది, బారెల్ ఏ స్థితిలో ఉందో సైన్యం వాళ్లే దాని మీద గుర్తుపెట్టేవారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది స్విట్జర్లాండ్ కె31. బట్‌ప్లేట్ రెండు స్క్రూలు విప్పితే దాని కింద మడిచిన చిన్న కాగితం దొరకవచ్చు. అందులో ఆ రైఫిల్‌ని మోసిన సైనికుడి పేరు, అతని దళం ఉంటాయి. అలాంటిది దొరికితే ఫొటో తీసి, కాగితాన్ని యాసిడ్ లేని కవరులో పెట్టి, రైఫిల్‌తోనే ఉంచండి.

రివాల్వర్‌ని ఎలా పరీక్షించాలి

రివాల్వర్ చిన్నది కాబట్టి తేలిక అనుకుంటారు. నిజానికి ఇందులో కదిలే భాగాలు ఎక్కువ, అరుగుదల దాక్కునే చోట్లూ ఎక్కువ. సిలిండర్‌లో తూటాలు పెట్టే అన్ని గదులూ ఖాళీ అని చూసుకున్నాక, యజమాని అనుమతితో ఈ వరసలో చూడండి.

హామర్‌ని, అంటే వెనక ఉండే సుత్తిని, బొటనవేలితో చాలా మెల్లగా వెనక్కి లాగండి. అదే సమయంలో ఇంకో చేతి వేలితో సిలిండర్‌కి కొద్దిగా అడ్డం పెట్టండి. హామర్ చివరిదాకా వచ్చేసరికి సిలిండర్ టక్కున తాళం పడాలి. పడకపోతే గది బారెల్‌కి ఎదురుగా సరిగా నిలవడం లేదని అర్థం. ఒక్క గదితో ఆపకుండా అన్ని గదులకూ ఇలాగే చూడండి, ఒకటి రెండు గదుల దగ్గరే తేడా వచ్చే రివాల్వర్లు ఎన్నో ఉంటాయి. ఇప్పుడు పూర్తిగా లాగి ఉన్న హామర్‌ని వెనక నుంచి బొటనవేలితో కాస్త ముందుకు నెట్టండి. అది జారి పడితే హామర్‌ని పట్టి ఉంచే లోపలి మెట్లు అరిగాయి, ప్రమాదం. తర్వాత సిలిండర్‌ని ముందుకూ వెనక్కూ ఆడించండి, పక్కలకు ఆడించండి. పాతదానిలో కాస్త వదులు ఉంటుంది, లొడలొడ ఆడకూడదు. మధ్యకు విరిచి తెరిచే వెబ్లీ లాంటివాటిలో మూసి తాళం వేశాక బారెల్ పైకీ కిందికీ కదులుతుందేమో చూడండి.

రష్యా నగాన్ ఎం1895ని పట్టుకున్నప్పుడు ఒక వింత గమనించండి. ఇందులో ఏడు గదులు. హామర్ లాగుతుంటే సిలిండర్ తిరగడంతో పాటు ముందుకు కూడా కదిలి, బారెల్‌కీ తనకూ మధ్య సందును మూసేస్తుంది. తూటా కూడా కార్‌ట్రిడ్జ్ లోపలికి దిగి ఉంటుంది, పేలినప్పుడు ఆ ఇత్తడి అంచు వ్యాకోచించి గ్యాస్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది. ఆ సందు మూసుకోవడం మీ కంటికి స్పష్టంగా కనబడాలి. ఈ పనంతా చేసే ట్రిగ్గర్ కాబట్టి నేరుగా నొక్కితే చాలా బరువుగా ఉంటుంది, అది పాడైందని అనుకోకండి.

పూత విషయంలో మోసం ఎక్కువ. మళ్లీ బ్లూయింగ్ చేసిన రివాల్వర్‌ని పట్టించేవి స్క్రూ రంధ్రాలు. పాలిష్ చక్రం పెట్టినప్పుడు వాటి అంచులు సాసర్‌లా లోపలికి వంగుతాయి. అక్షరాలు లోతు తగ్గి, ఒక పక్కకు సాగినట్టు ఉంటాయి, ఫ్రేమ్ చదునుగా ఉండాల్సిన చోట అలలు కనబడతాయి. పాత స్మిత్ అండ్ వెసన్‌లో హామర్, ట్రిగ్గర్ మీద రంగులు కలిసిన కేస్ హార్డెనింగ్ (పైపొరను వేడితో గట్టిపరిచినప్పుడు వచ్చే ఛాయలు) ఉంటుంది. అవి కూడా నీలంగానో నికెల్‌తోనో మెరుస్తుంటే ఎవరో తర్వాత పూత వేశారు. వీటి సీరియల్ నంబరు పిడి అడుగున, సిలిండర్ వెనక ముఖాన, బారెల్ కింద, కుడి వైపు పిడి చెక్క లోపలి పక్కన ఉంటుంది. ఆ చెక్క విప్పి చూడనిస్తారేమో అడగండి.

అమ్మేవారి కథ, అసలు రుజువు

స్నైపర్ రైఫిళ్లు, అశ్వికదళ కోల్టులు, జర్మన్ నాజీల ఎస్ఎస్ దళం ముద్రలున్నవి మొదటి పదేళ్లు కొనకండి. మామూలు రైఫిల్‌కి టెలిస్కోప్ బిగించి నాలుగు ముద్రలు కొడితే ధర కొన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి నకిలీలు అక్కడే పుట్టుకొస్తాయి. కొనక తప్పదనుకుంటే వివరాల్లోకి వెళ్లండి. ఉదాహరణకు బ్రిటిష్ నంబర్ 4 స్నైపర్ రైఫిల్ కర్ర మెడ మీద దానికి కేటాయించిన టెలిస్కోప్ నంబరు కొట్టేవారు. ఆ నంబరుకూ బిగించి ఉన్న టెలిస్కోప్‌కీ పొంతన కుదరాలి, ముద్రల అరుగుదల చుట్టూ ఉన్న కర్ర అరుగుదలతో కలవాలి.

ఎవరిదో వీరగాథ చెబితే విని ఆనందించండి, డబ్బు మాత్రం కాగితం ఉంటేనే ఇవ్వండి. సైన్యం నుంచి తెచ్చుకోవడానికి ఇచ్చిన అనుమతి పత్రం, ఆ నంబరు కనిపించే పాత రసీదు, ఫొటో లాంటివి రుజువులు. కోల్ట్ కంపెనీ ఆర్కైవ్, స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని పాత సీరియల్ నంబర్లకు లేఖలు ఇస్తాయి. ఏ తేదీన, ఏ పూతతో, ఎవరికి పంపారో పాత రికార్డులు చూసి చెబుతారు. ఖరీదైన రివాల్వర్ కొనే ముందు ఆ లేఖ ఉందా అని అడగడం ఏమాత్రం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఇంటికి వచ్చాక మొదటి శుభ్రం

మొదటి పని ఫొటోలు. ఏమీ తుడవకముందే అన్ని వైపుల నుంచీ, ప్రతి ముద్రా తీసిపెట్టుకోండి.

గోదాముల నుంచి వచ్చిన రైఫిళ్లు కాస్మోలిన్ అనే గోధుమరంగు జిడ్డులో మునిగి ఉంటాయి. లోహ భాగాలను మినరల్ స్పిరిట్స్‌లో (రంగులు పలచన చేసే ద్రావకంలో) నానబెట్టి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి. కర్రలో ఇంకినదాన్ని వేడితో బయటికి రప్పించాలి. పాత పేపర్లలో చుట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎండలో ఉంచితే జిడ్డు కారి పేపర్లకు అంటుకుంటుంది. ఇలా మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. బోల్ట్ లోపల ఫైరింగ్ పిన్ కదిలే దారిని మాత్రం మర్చిపోవద్దు. సోవియట్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఎస్‌కేఎస్ లాంటివాటిలో అక్కడ జిడ్డు గడ్డకట్టి పిన్ ముందుకు ఇరుక్కుంటే, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలవచ్చు.

పైపై తుప్పుకు నూనె వేసి నానబెట్టి, మెత్తని కంచు ఉన్నితోనో అన్నిటికన్నా సన్నని స్టీల్ ఉన్నితోనో తేలిగ్గా రుద్దండి. రంగు మారిన గోధుమ ఛాయ వయసుతో వచ్చింది, దాన్ని ఉండనివ్వండి. బఫింగ్ చక్రం, కోల్డ్ బ్లూ (వేడి చేయకుండా రాసే నీలి పూత మందు) సీసా, శాండ్‌పేపర్ ఈ పనిలోకి రానే కూడదు. నికెల్ పూత ఉన్న రివాల్వర్ మీద అమోనియా కలిసిన క్లీనర్ పడనివ్వకండి, పూత లేచిపోతుంది. స్క్రూలు విప్పాలంటే గాడికి సరిగ్గా సరిపోయే గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్లే వాడండి. మామూలు స్క్రూడ్రైవర్‌తో చెదిరిన స్క్రూ తల ఆ తుపాకీ విలువను చూడగానే తగ్గించేస్తుంది.

కర్రకు వార్నిష్ వద్దు. లీ-ఎన్‌ఫీల్డ్‌కి సైన్యం వాడినది లిన్సీడ్ (అవిసె గింజల) నూనె, ఎండిపోయిన కర్రకు అదే పలచగా చేత్తో పట్టించండి. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, ఇళ్లు కాలిపోయిన సందర్భాలు నిజంగా ఉన్నాయి. ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరాక పారేయండి.

పేల్చాలనుకుంటే

పేల్చకుండా దాచుకోవడం కూడా గౌరవమైన సేకరణే. పేల్చాలనుకుంటే, అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లోనే, అదీ పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ గదిలోని తూటాకీ మధ్య ఉండే ఎడం) కొలిచి సరే అన్నాకే. కొన్నిటి విషయంలో ఆయన్ని అడిగే అవసరం కూడా లేదు, పేల్చకూడదంతే.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఎం1903 రైఫిళ్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారానివి 8,00,000 లోపు నంబర్లు, రాక్ ఐలాండ్‌వి 2,85,507 లోపు నంబర్లు గోడకే పరిమితం చేయండి. అప్పట్లో రిసీవర్ ఉక్కు ఎంత వేడెక్కిందో కార్మికులు రంగు చూసి అంచనా వేసేవారు. కొన్ని ఎక్కువ కాలి పెళుసుబారాయి, పేల్చినప్పుడు పగిలాయి. చూపుతో ఏది మంచిదో చెప్పలేం. బ్రిటిష్ రైఫిల్ మీద డీపీ అని ఉంటే అది డ్రిల్లు, అంటే కవాతు, కోసం కేటాయించినది, అదీ పేల్చేది కాదు. జర్మన్ గెవేర్ 88 రైఫిల్ మొదట 0.318 అంగుళాల తూటాకు తయారైంది, తర్వాతి 8 ఎంఎం తూటా 0.323 అంగుళాలు. పేరు ఒకటే అని వేస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

రివాల్వర్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. 1915 నాటి వెబ్లీ మార్క్ సిక్స్ .455 క్యాలిబర్‌ది. తూటాలు తేలిగ్గా దొరుకుతాయని చాలావాటి సిలిండర్‌ని వెనక గీసి, ఆటోమేటిక్ పిస్తోళ్ల తూటా అయిన .45 ఏసీపీకి మార్చారు. మామూలు .45 ఏసీపీ ఒత్తిడిని తట్టుకునేలా ఆ రివాల్వర్‌ని తయారు చేయలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌కి పంపిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడళ్లను కూడా తర్వాత .38 స్పెషల్‌కి తొలిచారు. బ్రిటన్ వాడిన అసలు .38 కార్‌ట్రిడ్జ్ .38 స్పెషల్ కన్నా కాస్త లావు, అందుకని గది వెనక భాగం వదులై, పేల్చిన ఇత్తడి ఉబ్బి పగులుతుంది. నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కాలం నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్‌లో ఈనాటి పొగరాని మందు తూటాలు వేయకూడదు.

పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్లో (మందును అంటించే వెనకటి బిళ్లలో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక బారెల్‌లో ఉప్పు మిగులుతుంది, అది గాలిలో తేమ పీల్చుకుని ఒక్క రాత్రిలోనే తుప్పు తెస్తుంది. మామూలు నూనెకు ఉప్పు కరగదు. అదే రోజు వేడినీళ్లు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించండి. బోల్ట్ ముఖాన్ని, సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో పేలిన గ్యాస్ వెళ్లే గొట్టం (గ్యాస్ సిలిండర్) ఉంటే దాన్ని కూడా కడగండి.

భద్రపరచడం

తాళం ఉన్న ఉక్కు సేఫ్, తూటాలు వేరే చోట. తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంటే కర్రకూ లోహానికీ మంచిది. చిన్న తేమమాపకం, సిలికా జెల్ సంచులు చాలు. తోలు హోల్‌స్టర్‌లో రివాల్వర్ దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన రసాయనాలు లోహాన్ని తింటాయి. లోపల ఫోమ్ ఉన్న పెట్టెలు కూడా తీసుకెళ్లడానికే, దాచడానికి కాదు. చేతిచెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టిస్తుంది, అందుకే గ్లోవ్స్ వేసుకోండి, ముట్టాక తుడవండి. బయట ప్రదర్శించేవాటికి రెనైసాన్స్ వ్యాక్స్ పలచగా రాయండి. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో పుట్టిన మైనం అది, లోహానికీ కర్రకూ రెండిటికీ పనికొస్తుంది.

రికార్డు రాసిపెట్టండి

ఒక్కో తుపాకీకి ఒక్కో పేజీ కేటాయించండి. మోడల్, కర్మాగారం, ఏడాది, అన్ని నంబర్లు, ప్రతి ముద్ర ఫొటో, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారు, రసీదు, మీరు మార్చిన భాగాలు ఏవైనా ఉంటే అవి. స్ప్రింగ్ మార్చినా రాయండి, పాతది లేబుల్ వేసి సంచిలో దాచండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఈ పేజీలే ఆధారం.

ఇంట్లోవాళ్ల కోసం ఇంకో కాగితం కావాలి. మీకేమైనా అయితే ఈ తుపాకులు వాళ్ల దగ్గర చట్టప్రకారం ఎంతకాలం ఉండవచ్చు, ఏ కార్యాలయానికి తెలపాలి, నమ్మకమైన వేలం సంస్థ లేదా డీలర్ ఎవరు అన్నవి అందులో ఉండాలి. అమ్మే ముందు శుభ్రం చేయించొద్దని, విడివిడిగా బేరం పెట్టకముందు తెలిసినవాళ్లతో విలువ కట్టించమని స్పష్టంగా రాయండి. లైసెన్స్‌లో పేరున్న వ్యక్తి తప్ప ఇంకెవరూ సేఫ్ తెరవకూడదన్న నియమం మీ చోట ఉంటే అదీ చేర్చండి. ఆ కాగితం కాపీ ఒకటి కుటుంబంలో ఒకరి దగ్గర, ఇంకొకటి మీ లాయర్ దగ్గర ఉంచి, కొత్త తుపాకీ వచ్చినప్పుడల్లా రెండూ మార్చండి.